మిద్దె మీద సోలార్ ఉన్నా కరెంటు పోతే చీకటేనా? విడవలూరు తీరం కుటుంబాలు తెలుసుకోవాల్సిన సంగతులు

మిట్టమధ్యాహ్నం. మిద్దె మీద ప్యానెళ్ల మీద ఎండ దంచుతోంది. లైన్‌లో కరెంటు పోయింది. కింద ఇంట్లో ఫ్యాను ఆగిపోయింది. సోలార్ పెట్టించుకున్న ఇళ్లలో మొదటి కోత రోజునే వచ్చే అనుమానం ఒకటుంది: లక్షకు పైగా ఖర్చు పెట్టాం, ఇంత ఎండ ఉంది, మరి కరెంటు ఏమైంది?

నిజానికి ఆ సిస్టంలో లోపమేమీ లేదు, దాని తయారీయే అలాంటిది. సబ్సిడీ మీద ఇళ్లకు ఎక్కువగా బిగిస్తున్నది ఆన్‌గ్రిడ్ సోలార్. అందులోని ఇన్వర్టర్ సొంతంగా కరెంటు పుట్టించదు. లైన్‌లో ఉన్న 230 వోల్టుల తాళానికి తన తాళం కలిపి నడుస్తుంది. లైన్ పోయిన క్షణాల్లో అదీ ఆగిపోవాలి. స్తంభం ఎక్కి పని చేసే లైన్‌మన్‌కి మన ఇంటి నుంచి వెనక్కి వెళ్లే కరెంటు తగిలి ప్రాణం పోకూడదని పెట్టిన రక్షణ ఇది. మన దేశంలో ఐఎస్ 16169 ప్రమాణం ప్రకారం దీన్ని పరీక్షించాకే ఇన్వర్టర్లను గ్రిడ్‌కి కలపాలి.

నెట్ మీటర్ సంగతి వేరు. పగలు మిగిలిన యూనిట్లు లైన్‌లోకి పోతాయి, రాత్రి వాడిన యూనిట్లతో అవి సరిపోతాయి. ఇది ఖాతాలో జమ, ఖర్చు రాసుకోవడం లాంటిది. బ్యాంకులో డబ్బు ఉన్నా ఏటీఎం మూతపడితే చేతికి రూపాయి రాదు కదా, నెట్ మీటర్‌లో జమ అయిన యూనిట్లూ అంతే. బిల్లు తగ్గడం ఒకటి, కావాల్సిన వేళకు కరెంటు ఉండడం మరొకటి. అమ్మేవాళ్లు మొదటిదాని గురించే చెబుతారు. కొనేవాళ్లు రెండూ వస్తాయనుకుంటారు. నెల్లూరు జిల్లా విడవలూరు లాంటి తీర మండలంలో ఈ తేడా ముందే తెలుసుకోకపోతే తుపాను రోజున తెలిసొస్తుంది.

పథకం లెక్క

పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజన 2024 ఫిబ్రవరిలో మొదలైంది. కోటి ఇళ్ల లక్ష్యంతో కేంద్రం రూ.75,021 కోట్లు కేటాయించింది. మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కి రూ.30,000, మూడో కిలోవాట్‌కి రూ.18,000 సబ్సిడీ. అంటే 3 కిలోవాట్లకు రూ.78,000. ఆపైన ఎంత పెట్టినా సబ్సిడీ అంతే. 3 కిలోవాట్ల ఖర్చును కేంద్రం రూ.1,45,000గా లెక్కగట్టింది. ఆ లెక్కన ఇంటివాళ్ల చేతి నుంచి పడేది రూ.67,000. మార్కెట్‌లో కొటేషన్లు ఇంతకంటే ఎక్కువే ఉంటాయి. సబ్సిడీ కూడా ముందు రాదు. ప్యానెళ్లు బిగించి, నెట్ మీటర్ పెట్టి, తనిఖీ అయ్యాక బ్యాంకు ఖాతాలో పడుతుంది. అప్పటిదాకా మొత్తం డబ్బు సర్దుకోవాల్సింది ఇంటివాళ్లే.

ఇందుకు బ్యాంకులు పూచీకత్తు లేని లోను ఇస్తున్నాయి, కానీ అది వడ్డీ లోను. వడ్డీ వద్దనుకునే కుటుంబాలు 3 కిలోవాట్లకు పోకుండా, చేతిలో ఉన్న డబ్బుతోనో గల్ఫ్ నుంచి ఇంటివాళ్లు పంపిన దాంతోనో 1 లేదా 2 కిలోవాట్లు పెట్టుకోవచ్చు. నష్టమేమీ లేదు. పైగా కిలోవాట్‌కి సబ్సిడీ ఎక్కువ దక్కేది మొదటి రెండింటికే.

అసలు ఎవరికి లాభం అన్నది శ్లాబులను బట్టి ఉంటుంది. ఏపీలో 2022–23 టారిఫ్ ప్రకారం గృహ వినియోగంలో మొదటి 30 యూనిట్లు రూ.1.90 చొప్పున, 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75. నెలకు 70 యూనిట్లు వాడే ఇంటికి సోలార్‌తో మిగిలేది చాలా తక్కువ. ఏసీ ఉండి, 300 దాటే ఇంటికి మాత్రం పై శ్లాబుల ఖరీదైన యూనిట్లే ముందు తగ్గుతాయి. బిల్లు తక్కువ వచ్చే ఇంటివాళ్లు సోలార్ కావాలంటున్నారంటే చాలాసార్లు వాళ్లకు కావాల్సింది కోతల్లో వెలుతురు. ఆన్‌గ్రిడ్ ఇవ్వలేనిది సరిగ్గా అదే.

కోతల్లో వెలుతురు కావాలంటే

హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ ఉండాలి. బ్యాటరీకి ఈ పథకంలో విడిగా సబ్సిడీ లేదు. అందుకే కొనే ముందు లెక్క వేసుకోవాలి.

నాలుగు మామూలు ఫ్యాన్లు ఒక్కోటి 70 వాట్లు అనుకుంటే 280. ఆరు ఎల్‌ఈడీ బల్బులు 54. ఫోన్ చార్జింగ్, వైఫై కలిపి 30. మొత్తం 364 వాట్లు. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు రెండు కలిపితే కాగితం మీద 3.6 యూనిట్లు. కానీ లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే త్వరగా చచ్చిపోతుంది. కాబట్టి చేతికొచ్చేది 1.8 యూనిట్లే. ఐదు గంటలకు మించి రాదు. ఇషా తర్వాత కరెంటు పోతే సహరీ వేళకు చీకటే.

ఇక్కడ చాలామంది బ్యాటరీలు పెంచుతారు. దానికంటే ఫ్యాన్లు మార్చడం చవక. బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో తిరుగుతుంది. అదే నాలుగు ఫ్యాన్లకు 120 వాట్లు. మొత్తం లోడు 204కి దిగుతుంది. అవే బ్యాటరీలు 8 గంటల దాకా లాగుతాయి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని 80 శాతం పైగా వాడుకోవచ్చు, ఎక్కువ ఏళ్లు వస్తుంది, ధరా ఎక్కువే. ఏ బ్యాటరీ అయినా వేడికి లొంగుతుంది. లెడ్ యాసిడ్ విషయంలో సాధారణంగా చెప్పే లెక్క ఏమిటంటే, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుంది. మేడ మెట్ల కింద రేకుల గూటిలో పెట్టిన బ్యాటరీకి వారంటీ ఐదేళ్లున్నా మే నెలలు మూడు గడిచేసరికే నీరసిస్తుంది.

మసీదు కమిటీలకూ ఇదే వర్తిస్తుంది. ఈ పథకం సబ్సిడీ ఇళ్లకే. మసీదు, మదరసా, దర్గా సర్వీసులు ఇందులోకి రావు. అక్కడ ముందు చూడాల్సింది అవసరం ఏ వేళకు అన్నది. అజాన్ మైకు ఆంప్లిఫయర్‌కి పట్టే కరెంటు తక్కువ, కొద్ది నిమిషాలే. ఓ చిన్న బ్యాటరీ చాలు. బరువంతా వుజూ నీళ్ల మోటారుది. 1 హెచ్‌పీ మోటారు తిరిగేటప్పుడు సుమారు 750 వాట్లే అయినా, స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి నాలుగైదు రెట్లు లాగుతుంది. దాన్ని బ్యాటరీ మీద నడపాలంటే పెద్ద ఇన్వర్టర్ కొనాలి. ఆ అవసరం లేకుండా పగలు కరెంటున్నప్పుడే పైన ట్యాంకు నింపి పెట్టుకోవచ్చు. కరెంటును బ్యాటరీలో దాచడం కంటే నీళ్లను ట్యాంకులో దాచడం ఎంతో చవక. ఇంకో సంగతి: రంజాన్ ఏటా 10, 11 రోజులు వెనక్కి జరుగుతుంది. 2033 నుంచి మూడేళ్ల పాటు అది నవంబరు, డిసెంబరుల్లో, అంటే మన తీరానికి తుపానుల కాలంలో వస్తుంది. ఇవాళ కొనే బ్యాటరీ, ఇన్వర్టర్ అప్పటికి పాతవై ఉంటాయి.

ఉప్పుగాలి

ప్యానెల్‌లో కదిలే భాగాలు లేవు. పాడవడానికి ఏముంది అంటారు. ఎండా కొండా ఉన్న చోట అది చాలావరకు నిజం. విడవలూరు మండలానికి తూర్పున బంగాళాఖాతం. రామతీర్థం, ఊటుకూరు వైపు పల్లెపాలేల్లో కిటికీ గ్రిల్లు, సైకిల్ చెయిను ఎంత త్వరగా తుప్పు పడతాయో అక్కడివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అదే గాలి మిద్దె మీద ప్యానెళ్లకీ తగులుతుంది. సముద్రం దూరంగా ఉన్న ఊళ్లోనూ రొయ్యల గుంటల పక్కన ఏరియేటర్లు చిమ్మే ఉప్పునీటి తుంపర ఉంటుంది. ఆ షెడ్డు మీద సోలార్ పెడితే అది తీరంలో పెట్టినట్టే.

ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది. రాత్రి మంచుకి గాజు మీద సన్నటి ఉప్పునీటి పొర ఏర్పడుతుంది. పొద్దున ప్యానెళ్లు పని మొదలుపెట్టగానే లోపలి సెల్స్‌కీ బయటి అల్యూమినియం ఫ్రేముకీ మధ్య వందల వోల్టుల తేడా ఉంటుంది. ఆ తడి పొర గుండా కొద్దికొద్దిగా కరెంటు కారుతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే ప్యానెల్ పైకి కొత్తదిలా కనిపిస్తూనే పవర్ పోగొట్టుకుంటుంది. దీన్ని పీఐడీ అంటారు. వేడి, తేమ ఎక్కువైన చోట ఇది ఎక్కువ.

దీనికి అడగాల్సిన పేరు ఐఈసీ 61701. ప్యానెల్‌ను ఉప్పు పొగమంచులో పెట్టి చేసే పరీక్ష అది. ఐఈసీ 61215, 61730 సర్టిఫికెట్లు దాదాపు అందరూ చూపిస్తారు, అవి మామూలు నాణ్యతకు, భద్రతకు సంబంధించినవి. ఉప్పు పరీక్ష కాగితం వేరే అడిగి తీసుకోవాలి. కంపెనీ ఇన్‌స్టలేషన్ మాన్యువల్ కూడా అడగాలి. చాలా మాన్యువళ్లలో తీరానికి ఎంత దూరంలో బిగించవచ్చో ఒక షరతు ఉంటుంది. ఆ షరతు దాటి బిగిస్తే 25 ఏళ్ల వారంటీ కార్డు ఉన్నా క్లెయిమ్ తిరస్కరించడానికి కంపెనీకి అదే కారణం దొరుకుతుంది.

అయితే ప్యానెల్ కంటే ముందు పోయేది దాని కింద స్టాండు. హాట్ డిప్ గాల్వనైజింగ్ పూత కనీసం 80 మైక్రాన్లు ఉండాలన్నది నిబంధన. సరుకు వచ్చినప్పుడు పూత బాగానే ఉంటుంది. తర్వాత మిద్దె మీద కొలత చాలలేదని పైపు కోస్తారు, వెల్డింగ్ పెడతారు, డ్రిల్లు వేస్తారు. కోసిన ప్రతి అంచు దగ్గరా పూత పోయింది. తుప్పు మొదలయ్యేది అక్కడే. పైన సిల్వర్ పెయింట్ పూసి వెళ్లిపోతే మొదటి వానాకాలం దాటాక గోధుమ రంగు చారలు కనిపిస్తాయి. వెల్డింగ్ లేకుండా నట్లు బోల్టులతో కలిపే స్టాండే కావాలని కొటేషన్‌లోనే రాయించుకోవాలి. తప్పనిసరై కోస్తే ఆ చోట జింక్ ఎక్కువున్న పెయింట్ వేయించాలి. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి, తీరానికి దగ్గరైతే 316 రకం. అల్యూమినియం ఫ్రేము ఇనుప పైపును నేరుగా తాకితే ఉప్పు తడిలో ఒక లోహం ఇంకోదాన్ని తినేస్తుంది. మధ్యలో రబ్బరు వాషరు ఉండాలి. ఈ వాషర్లకయ్యే ఖర్చు వందల్లోనే. మానేసేదీ వాటినే.

ఎర్తింగ్ కూడా అంతే. డీసీకి, ఏసీకి, పిడుగు కడ్డీకి మూడు వేర్వేరు గుంటలు ఉండాలి. ఎర్త్ రెసిస్టెన్స్ 5 ఓములు దాటకూడదు. తీరం ఇసుక నేల వేసవిలో ఎండిపోతే ఆ విలువ పెరుగుతుంది. బిగించిన రోజు కొలిచి వదిలేయకుండా ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి మళ్లీ కొలిపించాలి.

కడగడం గురించి ఒక మాట. తీరం బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. వాటితో ప్యానెళ్లు కడిగితే ఆరాక తెల్లటి పొర కడుతుంది. దుమ్మును వాన కడిగేస్తుంది, ఈ పొర అలా పోదు. వాన నీళ్లో తాగే నీళ్లో రెండు బకెట్లు, మెత్తటి గుడ్డ చాలు. ఫజ్ర్ తర్వాత ఎండెక్కకముందే కడగాలి. మధ్యాహ్నం కాలిపోతున్న గాజు మీద చన్నీళ్లు పోస్తే పగలొచ్చు.

తుపాను

1927 నవంబరులో నెల్లూరును ముంచెత్తిన తుపాను, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటుతూ నెల్లూరు జిల్లాను తడిపేసిన మిచౌంగ్: ఈ తీరంలో సోలార్ అన్నది ఈ గాలులకు నిలబడాల్సిన వస్తువు. గాలి భారం లెక్కించే ఐఎస్ 875 మూడో భాగంలో నెల్లూరుకు సెకనుకు 50 మీటర్లు అని ఉంది. అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాద్‌కు 44 మీటర్లే. గాలి ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి 50కీ 44కీ తేడా ఒత్తిడిలో దాదాపు 29 శాతం. హైదరాబాద్ కొలతలతో చేసిన స్టాండు ఇక్కడ సరిపోదు. నీడ కోసం, కింద బట్టలు ఆరేసుకోవడం కోసం ఎనిమిది పది అడుగుల ఎత్తున ప్యానెళ్లు పెట్టించుకోవడం ఇప్పుడు మామూలైంది. చూడ్డానికి బాగుంటుంది, గాలికి తెరచాపలా పనిచేస్తుంది. పునాది దిమ్మలు శ్లాబు మీద ఊరికే కూర్చోబెట్టినవా, శ్లాబులోకి కట్టినవా అన్నది చూడాలి.

2017లో కరీబియన్ దీవుల్లో ఇర్మా, మారియా తుపానులకు సోలార్ ప్లాంట్లు కొన్ని చెక్కుచెదరలేదు, కొన్ని తుడిచిపెట్టుకుపోయాయి. ఎందుకలా అని అమెరికాలోని రాకీ మౌంటెన్ ఇన్‌స్టిట్యూట్ ఇంజినీర్లతో పరిశీలన చేయించి 2018లో నివేదిక ఇచ్చింది. తేలిన కారణాలు చాలావరకు చిన్నవే. గాలి ఊపుకి నట్లు వదులయ్యాయి, లాక్ నట్లు లేవు. రెండు ప్యానెళ్లను కలిపి పట్టే క్లాంపు ఒకటి ఊడితే పక్క ప్యానెల్ పట్టు కూడా పోయి వరసంతా లేచిపోయింది. ప్యానెల్‌ను ఫ్రేము రంధ్రాల్లో నేరుగా బోల్టులతో బిగించిన చోట నష్టం తక్కువ. ఇంటి మిద్దెకూ ఇదే పాఠం. అక్టోబరు మొదటి వారంలో స్పానరుతో ప్రతి నట్టూ బిగించి చూడడం ఏటా చేయాల్సిన పని.

తుపాను హెచ్చరిక వస్తే ఏసీ స్విచ్, తర్వాత డీసీ ఐసోలేటర్ ఆపాలి. ప్యానెళ్లు ఫొటోలు తీసి పెట్టుకోవాలి. వరద సంగతి కూడా మరవకూడదు. 2021 నవంబరులో పెన్నా వరదకు కోవూరు దగ్గర జాతీయ రహదారే తెగింది. ఇన్వర్టర్‌ను వరండాలో నడుము ఎత్తున బిగించిన ఇళ్లు అలాంటి వరదకు మొదట పోగొట్టుకునేది దాన్నే. ఒక ముఖ్యమైన హెచ్చరిక: మెయిన్ ఆపినా, వెలుతురు ఉన్నంతసేపు ప్యానెళ్ల వైర్లలో కరెంటు ఉంటుంది. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు వరసగా కలిపితే దాదాపు 300 వోల్టుల డీసీ. నీళ్లలో మునిగిన ఇన్వర్టర్‌నీ తెగి వేలాడే వైరునీ ఇంటివాళ్లు ముట్టుకోకూడదు, పిల్లల్ని మిద్దె ఎక్కనివ్వకూడదు.

ఎండ ఉంది, కరెంటు ఉంది, అయినా ఆగింది

సోలార్‌లో ఎక్కువసార్లు మొరాయించేది ఇన్వర్టర్. పశ్చిమ ఎండ పడే గోడ మీదో, సముద్రపు గాలి నేరుగా కొట్టే చోటో బిగిస్తే ఇంకా త్వరగా. ఉత్తరపు గోడ, పైన చిన్న నీడ, చుట్టూ గాలాడే ఖాళీ ఉండాలి.

రిపేరు అవసరం లేని ఆగిపోవడాలు రెండున్నాయి. ఒకటి, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద సోలార్ ఇళ్లు ఎక్కువైతే మధ్యాహ్నం వోల్టేజీ పెరుగుతుంది. 253 వోల్టులు దాటితే ఇన్వర్టర్ తనంతట తాను తప్పుకుంటుంది, తగ్గాక మళ్లీ కలుస్తుంది. రోజూ 12 నుంచి 2 మధ్య ఇలా జరుగుతుంటే కంపెనీ టెక్నీషియన్ కంటే ముందు విద్యుత్ శాఖకు చెప్పాలి. రెండు, వాన రాత్రి తర్వాత పొద్దున ఐసొలేషన్ ఫాల్ట్ అని చూపించి, తొమ్మిది పది గంటలకు దానంతటదే బాగవడం. ఎక్కడో కనెక్టరులో తడి చేరిందని అర్థం. బాగైంది కదా అని వదిలేస్తే ఆ కనెక్టరే ఒకరోజు వేడెక్కి కాలుతుంది. వేర్వేరు కంపెనీల కనెక్టర్లను ఒకదానిలో ఒకటి దూర్చిన చోట ఈ ప్రమాదం ఎక్కువ.

ప్యానెల్ విషయానికొస్తే, ఏటా అర శాతం నుంచి ఒక శాతం దాకా పవర్ తగ్గడం సహజం. ఐఐటీ బాంబే, జాతీయ సౌరశక్తి సంస్థ కలిసి చేసిన అఖిల భారత సర్వేల్లో వేడి ప్రాంతాల్లో, పెద్ద ప్లాంట్ల కంటే చిన్న మిద్దె సిస్టంలలో ఈ తరుగు ఎక్కువగా కనిపించింది. మే నెలలో ప్యానెల్ 60 డిగ్రీలు దాటుతుంది, అప్పుడు 12 శాతం పైగా తగ్గడం కూడా మామూలే, అది రోగం కాదు. కొబ్బరిచెట్టు నీడ మాత్రం రోగమే. ఒక మట్ట నీడ ఒక ప్యానెల్ మీద పడినా వరస మొత్తం దెబ్బతినొచ్చు.

రొయ్యల గుంటలకు

పగలు సోలార్ నడుస్తుంది, గుంటలో ప్రాణవాయువు అడుగంటేది తెల్లవారుజామున. ఏరియేటర్ ఆగకూడని వేళకు ప్యానెల్ నుంచి సున్నా. నెట్ మీటర్ బిల్లు తగ్గిస్తుందేమో గానీ డీజిల్ జనరేటర్‌ని తీసేయనివ్వదు. పైగా ఆక్వా జోన్‌లో అర్హత ఉన్న రైతుకు ప్రభుత్వం యూనిట్ రూ.1.50కి ఇస్తున్నప్పుడు సోలార్ పెట్టుబడి తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. సబ్సిడీ టారిఫ్ దక్కని రైతు మాత్రమే పెన్నూ కాగితం తీసుకుని లెక్క వేయాలి.

చిట్టా, ఫిర్యాదు

ఉమ్మడి కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కులో కడగడానికి, కొలవడానికి, రిపేరుకి మనుషులున్నారు. మిద్దె మీది 3 కిలోవాట్లకు ఇంటివాళ్లే దిక్కు. నెల మొదటి తేదీన ఇన్వర్టర్ యూనిట్ల రీడింగ్‌ను ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటే చాలు. 1 కిలోవాట్‌కి రోజుకు సగటున 4 యూనిట్లు, 3 కిలోవాట్లకు 12. పోల్చాల్సింది పోయిన నెలతో కాదు, పోయిన ఏడాది అదే నెలతో. మన దగ్గర వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి నవంబరు తగ్గడం సహజం, మార్చి తగ్గితే అనుమానించాలి. ఇన్వర్టర్ 20 రోజులు ఆగిందంటే పోయినవి 240 యూనిట్లు. రూ.6 శ్లాబులో రూ.1,440. బిల్లు వచ్చేదాకా ఎవరూ చూడకపోతే ఇది మామూలుగా జరిగేదే.

పథకం కింద బిగించిన వెండర్ ఐదేళ్లు మెయింటెనెన్స్ చేయాలి. ఒప్పందంలో ఆ మాట, ఎన్ని రోజుల్లో మనిషి వస్తాడన్నది, ప్యానెళ్ల సీరియల్ నంబర్లు ఉండాలి. ఇన్వర్టర్ వారంటీ ఇంటి యజమాని పేరు మీదే రిజిస్టర్ అయిందో లేదో చూసుకోవాలి. వెండర్ పలకకపోతే పీఎం సూర్యఘర్ జాతీయ పోర్టల్‌లో అప్లికేషన్ నంబరుతో ఫిర్యాదు పెట్టవచ్చు. మీటరు, వోల్టేజీ సమస్యలకు 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. అప్పటికీ తేలకపోతే ఏపీఎస్పీడీసీఎల్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

తుపాను నష్టానికి 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీ ఉంది. అందులో ఇంటి నిర్వచనంలోనే సోలార్ ప్యానెళ్లు ఉన్నాయి. అయితే ఇంటి బీమా మొత్తంలో వాటి విలువ కలిపి చెప్పి ఉండాలి. ఇన్సూరెన్స్ మీద షరీయత్ పరంగా సందేహం ఉన్నవాళ్లు ముందు తమ ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవచ్చు.